మూడు సెకన్ల సమ్మతి

"చెవి వెనకాల అతికించేదయినా సరే, తలకాయ పక్కనే గదా ఉండేది? రేపేదన్నా అయితే ఎవుర్ని పట్టుకోని అడగాలి మనం?"

దీనమ్మ ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. కూతురు కెజియా అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటోంది. నాలుగేళ్ల మనవరాలు ప్రిస్కిల్లా మంచం మీద కూర్చుని ఇడ్లీని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో పేరు పెడుతోంది.

"నా పదో తరగతి ఫలితాలప్పుడు కూడా ఇట్టాగే అన్నావమ్మా. పేపర్లో నంబరు పడకపోతే ఏంది గతి అని. పడింది గదా?"

"పడింది. పడకపోతే?"

"పడిందమ్మా!"

"అదే నేనడిగేది. పడకపోతే?"

దీనమ్మ భయం అలాంటిది. ఫోను మోగితే యాక్సిడెంటు, మోగకపోతే అంతకన్నా పెద్దదేదో. గుండ్లకమ్మ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో ఇరవై ఆరేళ్లుగా ల్యాబ్ అటెండరు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గాని, ఏ సీసాలో ఏముందో మూత తీయకుండా చెప్పగలదు. మూత తీస్తే చచ్చిపోతారని చేరినరోజే ఎవరో హాస్యానికన్నారు. అందరూ నవ్వి మర్చిపోయారు, ఆమె మర్చిపోలేదు.

ఆ ల్యాబు బల్లల కింద ఆడుకుంటూ పెరిగిన కెజియా ఇప్పుడు అదే విభాగంలో కాంట్రాక్టు లెక్చరర్. అల్లుడు రైల్వేలో పట్టాలు సరిచేసే యంత్రం మీద పనిచేస్తాడు, నెలకి పదిరోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. అందుకని తల్లీ కూతురూ మనవరాలూ యూనివర్సిటీ గేటు ఎదురు వీధిలో, గ్రానైటు దుమ్ము రోజుకి మూడుసార్లు తుడవాల్సిన రెండు గదుల ఇంట్లో ఉంటారు.

ఆ పొద్దున కెజియా పెట్టించుకోబోయేదాన్ని యూనివర్సిటీలో అందరూ 'గింజ' అంటారు. చింతగింజంత ఉంటుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమావతి మర్యాదస్తురాలు. అటెండరు కదా అని తీసిపారేయకుండా దీనమ్మని కూడా తన ల్యాబులో కూర్చోబెట్టి చెప్పింది.

"మీ అమ్మాయి ఇది పెట్టుకుని నలభై క్లాసులు చెప్తుందండీ. ఎట్లా చెప్తోంది, ఎట్లా ఆలోచిస్తోంది, అన్నీ మా మిషను పట్టుకుంటుంది. ఆ తర్వాత ఆన్‌లైన్ కోర్సులో ఆవిడ ఛాయ, అంటే తెరమీద అచ్చం ఆవిడలాంటి బొమ్మ, పాఠం చెప్తుంది. పదివేల మంది ఉన్నా, ఒక్కొక్కళ్ల ఎదురుగా కూర్చుని చెప్పినట్టే ఉంటుంది."

"మరి నా కూతురు?"

"ఇంట్లో కాలుమీద కాలేసుకుని కూర్చుంటుంది."

గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. దీనమ్మకి నవ్వు రాలేదు. మనిషిని ఊరికే కూర్చోబెట్టి పోషించిన ఆఫీసు ఒక్కటైనా ఉందా అని ఇరవై ఆరేళ్ల సర్వీసంతా వెతుక్కుంది. కనబడలేదు.

కెజియానే ఎందుకు ఎంచుకున్నారంటే దానికి కారణం ఉంది. పాఠం ఎవరైనా చెబుతారు. కుర్రాడు తప్పు చెబితే కెజియా తప్పు అనదు. ఒక్క క్షణం కళ్లు చికిలించి, "బ్రాకెట్టు బయట ఉన్న రెండుని లోపల ఒక్కదానికే వేశావు గదూ? రెండోదాన్ని వదిలేశావు" అంటుంది. వాడు తెల్లబోతాడు. తన తప్పు ఎక్కడ పుట్టిందో తనకే తెలియదు, ఈవిడకెలా తెలిసింది? ఆ చూపు కోసమే హైమావతి ఆమెను అడిగింది. గింజ పెట్టించుకున్నవాళ్ల కాంట్రాక్టులు ముందు పొడిగిస్తామని రిజిస్ట్రారు కార్యాలయం ఒక సర్క్యులరు కూడా వేసింది. అడిగినట్టూ ఉంది, తప్పించుకోలేనట్టూ ఉంది.

మొదటి నెల హాయిగానే గడిచింది. ఛాయ పాఠాలకి పదకొండు వేలమంది చేరారు. క్యాంటీను గోడ మీద కెజియా బొమ్మ వేశారు. దీనమ్మ ఆ దారిన వెళ్లేటప్పుడు దిష్టి తగులుతుందని తల దించుకుని వెళ్లేది.

రెండో నెలలో ఒక పొద్దున కెజియా ప్రిస్కిల్లాకి తల దువ్వుతూ ఉంది. దువ్వెన సగంలో ఆగింది. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్పలు సన్నగా అదురుతున్నాయి.

"అమ్మమ్మా, అమ్మ ఆగిపోయింది" అంది ప్రిస్కిల్లా, కరెంటు పోతే ఫ్యాను గురించి చెప్పినట్టుగా.

దీనమ్మ చేతిలో పిండి గిన్నెతోనే పరుగెత్తుకొచ్చింది. అప్పటికి దువ్వెన మళ్లీ కదులుతోంది. "ఏంది, అట్టా చూస్తావు?" అంది కెజియా.

"నువ్వు ఆగిపోయావంట."

"నిద్ర చాలట్లేదు."

తర్వాత రోజుకి పదిసార్లయింది. తర్వాత లెక్కలేదు. అన్నం ముద్ద నోటిదాకా వెళ్లి నిలిచిపోయేది. మాట మధ్యలో తెగేది, ఎక్కడ తెగిందో అక్కడే అతుక్కునేది, మధ్యలో పోయిన సమయం సంగతి ఆమెకి తెలిసేది కాదు. ప్రిస్కిల్లా దాన్ని ఆట చేసుకుంది. అమ్మ ఆగగానే ఒకటి, రెండు అంటూ ఇరవై దాకా లెక్కపెట్టేది. అంతవరకే వచ్చు. అమ్మ ఇంకా రాకపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలు.

దీనమ్మ హెల్త్ సెంటరుకి తీసుకెళ్లింది. డాక్టరు బీపీ చూసి బలానికి మాత్రలు రాశాడు. యూనివర్సిటీ వ్యాను నడిపే మస్తాన్ వలీ మాత్రం, "దీనక్కా, మా ఇంటామెకి కూడా ఒక గింజ పెట్టించు. రోజుకో గంట ఆగినా నాకు పుణ్యం" అన్నాడు.

"నీ నోటికి పెట్టించాలిరా ముందు" అంది దీనమ్మ. నవ్వుతూ అనలేదు.

మూడో నెల ఆఖర్లో, ఆన్‌లైన్ కోర్సు పరీక్షలు దగ్గర పడ్డ వారంలో, అది జరిగింది. సాయంత్రం నాలుగింటికి కెజియా కూతుర్ని బాలవాడి నుంచి తీసుకుని గేటు ఎదుట రోడ్డు దాటడానికి నిలబడింది. దీనమ్మ అవతలి వైపు కూరలబండి దగ్గర బెండకాయలు విరిచి చూస్తోంది. తలెత్తేసరికి కూతురు కనిపించింది. చెయ్యి చాపే ఉంది. ఆ చేతిలో పిల్ల చెయ్యి లేదు.

పిల్ల అమ్మమ్మని చూసింది. చూసి రోడ్డు మీదకి పరుగెత్తింది.

గ్రానైటు బండ కట్టిన లారీ బ్రేకు వేస్తే గొలుసులు ఎలా అరుస్తాయో దీనమ్మకి చచ్చేదాకా చెవుల్లో ఉంటుంది. లారీ ఆగింది. పిల్లకీ బంపరుకీ మధ్య మూరెడు. దీనమ్మ ఎలా వచ్చిందో, పిల్లని ఎలా ఎత్తుకుందో ఆమెకే గుర్తులేదు. డ్రైవరు దిగి నేరుగా కెజియా దగ్గరికి వెళ్లాడు.

"తల్లివేనా నువ్వు? కళ్లెదురుగా పోతుంటే బొమ్మలాగా నిలబడతావా?"

కెజియా పలకలేదు. రెప్పలు అదురుతున్నాయి. వాడు ఇంకో రెండు మాటలన్నాడు. జనం పోగయ్యారు. అంతలో ఆమె ముఖం తెరిపిన పడ్డట్టయి, తల్లిని చూసి చిరునవ్వు నవ్వింది.

"ఎప్పుడొచ్చావమ్మా? ప్రిస్కీ ఏదీ, ఇప్పటిదాకా నా చెయ్యే పట్టుకోని ఉంది?"

దీనమ్మకి ఇంతకాలం భయం అంటే తెలుసు. అది కడుపులో చల్లగా ఉంటుంది. ఆ క్షణంలో లేచింది చల్లగా లేదు.

పిల్లని పక్కింట్లో దింపి, కూతురి చెయ్యి పట్టుకుని, తిన్నగా హైమావతి ల్యాబుకి వెళ్లింది. తలుపు కొట్టలేదు.

"నా బిడ్డకేం చేశారు మేడమ్?"

హైమావతి ఆ గొంతు విని లేచి నిలబడింది. జరిగింది విన్నది. గోడమీది తెర ఇటు తిప్పింది. దానినిండా ఎర్రచుక్కలు, ఆవాలు జల్లినట్టు.

"ఇవి ఛాయకి తెలియని ప్రశ్నలు" అంది.

"తెలియకపోవడమేంది? అన్నీ నేర్చుకుందన్నారుగా?"

దీనమ్మే చూసింది. పక్కన కుర్చీలో కెజియా అప్పుడే ఆగిపోయింది. ఆమె రెప్ప ఒక్కసారి అదిరితే తెరమీద ఒక ఎర్రచుక్క పచ్చగా మారింది. మళ్లీ అదిరింది. ఇంకొకటి. దీనమ్మ కాసేపు కూతుర్నీ తెరనీ, తెరనీ కూతుర్నీ చూసింది. ఎనిమిదో తరగతి చదువు చాలు అది అర్థం కావడానికి.

"తోడుకుంటన్నారు" అంది. "బావిలో నీళ్లు తోడుకున్నట్టు తోడుకుంటన్నారు."

"కొత్తరకం తప్పు వస్తే ఛాయకి పాలుపోవట్లేదండీ. అది గింజని అడుగుతుంది. గింజ ఈవిడ మనసుని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి కనురెప్ప పాటే. క్లాసులో నలభై మందితో పరీక్షించినప్పుడు రోజుకి నాలుగైదు వచ్చేవి. పదకొండు వేలమంది ఇట్లా అడుగుతారని..."

"తీసెయ్యండి."

"పీకితే రాదమ్మా. లోపలికి సన్నటి వేళ్లు దిగి ఉంటాయి. ప్రశ్న నడుస్తుండగా తెగితే మాట పడిపోవచ్చు. ఆవిడే నోరు తెరిచి వద్దనాలి. ఆ మాట పడితే గింజ తనంతట తనే వేళ్లు ముడుచుకుంటుంది."

"అయితే అడగండి."

హైమావతి అడిగింది. కీబోర్డు మీద ఏదో కొట్టగానే తెరమీద వచ్చింది: 'కొనసాగించడానికి మీరు సమ్మతిస్తున్నారా?' కింద అంకెలు. మూడు. రెండు. ఒకటి. కెజియా వేరే ప్రశ్నలో ఉంది. తెరమీద 'సమ్మతించారు' అని పడింది. మళ్లీ అడిగింది. మూడు, రెండు, ఒకటి. సమ్మతించారు. పదకొండుసార్లు అడిగింది. పదకొండుసార్లూ కెజియా బదులు ఆ అంకెలే ఒప్పుకున్నాయి.

"ఎవుడు పెట్టాడు ఈ మూడు?" అంది దీనమ్మ పళ్లు బిగించి.

హైమావతి ఈసారి కళ్లలోకి చూడలేకపోయింది. "మనిషి సమ్మతి ఎలా తీసుకోవాలని నేను రిజిస్ట్రారు గారిని అడిగాను. మన కౌన్సిల్లో ఎలా తీసుకుంటామో అలాగే పెట్టండన్నారు. తీర్మానం కౌన్సిల్లోనే పాసయింది. మార్చాలన్నా, కాసేపు ఆపాలన్నా మళ్లీ కౌన్సిలే మార్చాలి. నా చేతిలో లేదు." తర్వాత నెమ్మదిగా అంది: "తొమ్మిదో అంశం. మీరూ ఉన్నారమ్మా ఆరోజు."

ఉంది. నాలుగో తరగతి ఉద్యోగుల తరఫున సిబ్బంది కౌన్సిల్లో ఒక సీటు ఉంటుంది. టీగ్లాసులో చీటీలు వేసి తీస్తే నిరుడు దీనమ్మ పేరు వచ్చింది. సీటంటే కౌన్సిలు బల్ల దగ్గర కాదు, తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ. రిజిస్ట్రారు రంగనాయకులు అంశం చదివి, కళ్లద్దాల పైనుంచి ఒకసారి అందర్నీ చూసి, "అభ్యంతరాలు?" అంటాడు. కలంతో బల్లమీద మూడుసార్లు కొడతాడు. మూడో దెబ్బలోపల ఎవరూ నోరెత్తకపోతే "ఆమోదం". ఆ కౌన్సిల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే టీ ఆలస్యమవుతుంది. ఆరోజు దీనమ్మ, జ్వరంతో ఉన్న మనవరాలికి మందు వేశారో లేదో అనుకుంటూ కూర్చుంది. ఆఖర్న పుస్తకం వస్తే సంతకం పెట్టింది. ఎప్పుడూ పెట్టినట్టే.

ప్రపంచంలో జరగని ప్రతిదానికీ భయపడింది తను. తన ఎదుటే చదివినదాన్ని వినలేదు.

కౌన్సిలు మీటింగు ఆ గురువారమే. పదింటికి దీనమ్మ కెజియాని వెంటబెట్టుకుని వెళ్లింది. తన ప్లాస్టిక్ కుర్చీలో కూతుర్ని కూర్చోబెట్టి, తను తలుపుకి ఆనుకుని నిలబడింది. పక్క కుర్చీలో డ్రైవర్ల తరఫు సభ్యుడు మస్తాన్ వలీ. లారీ సంగతి విన్నప్పటినుంచి అతను హాస్యాలాడటం మానేశాడు.

"ఎవరీ అమ్మాయి? సభ్యురాలు కాదే" అన్నాడు రంగనాయకులు.

"మీ పదకొండు వేలమందికి పంతులమ్మ సార్. గోడమీద బొమ్మేశారు, గుర్తుపట్టలేదా?"

కొందరు నవ్వారు. రంగనాయకులు మొదటి అంశం ఎత్తుకున్నాడు. ఆన్‌లైన్ కోర్సులో వచ్చే ఏడు ముప్పై వేలమందిని చేర్చుకోవడం. దానికి ముందు సభ్యులు చూడటానికి ఛాయ పాఠం ఒకటి గోడమీద వేయించాడు.

గోడమీద కెజియా నవ్వుతోంది. కళ్లు మెరుస్తున్నాయి. "యాసిడ్ ఎక్కువ కలిపేశామనుకోండి, ఏమవుద్ది? మా అమ్మ చారులో పులుపు ఎక్కువైతే ఏం చేసుద్దో తెలుసా? వంటింట్లోంచి అరుస్తుంది, ముందు నన్ను తిడుతుంది, తర్వాత నీళ్లు పోస్తుంది!" అని పడీ పడీ నవ్వింది. సభ్యులూ నవ్వారు.

దీనమ్మ ఆ నవ్వుని చూసింది. రెండు నెలలైంది ఇంట్లో ఆ నవ్వు విని. ఇక్కడుంది. ఇక్కడ దాచారు. పక్కన కుర్చీలో ఉన్న మనిషి పెదాలు సగం తెరుచుకుని, ఎండిపోయి ఉన్నాయి.

"అద్భుతం" అన్నాడు రంగనాయకులు. "రెండో అంశం. గింజ ధరించిన ఉద్యోగుల నియమాలు. ఇంట్లో ఉండగా కలిగే మౌనాన్ని డ్యూటీగా పరిగణించాలని ఒక అర్జీ వచ్చింది. నిబంధనల ప్రకారం కుదరదు. బయోమెట్రిక్‌లో వేలిముద్ర లేని సమయం పనివేళ కాదు."

"వేలిముద్ర లేదా సార్?" అంది దీనమ్మ. "తలకాయ మొత్తం తీసుకున్నోళ్లకి వేలు దేనికి?"

తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. ప్లాస్టిక్ కుర్చీల వైపు నుంచి మాట రావడం ఆ హాలుకి కొత్త.

"దీనమ్మా, నీ ఆవేదన అర్థమవుతోంది. కాగితం మీద రాసివ్వు, వచ్చే మీటింగులో..."

"వచ్చే మీటింగు రెండు నెలలకి సార్. మొన్న లారీ మూరెడు దూరంలో ఆగింది. దానికి రెండు నెలలు ఆగమని రాసివ్వాలా నేను?" కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "నా మనవరాలు టైరు కింద పడబోతుంటే, మా అమ్మాయి మీ పిల్లకాయలకి పాఠం చెప్తా ఉంది. యాడ చెప్తందో దానికే తెలవదు. తెలిసి చెప్పినా బాధ లేదు. అది పుట్టిందే చెప్పడానికి. మీరు అడిగారా? అడిగి, దాని నోట్లోంచి మాట వచ్చిందాకా ఒక్కసారన్నా ఆగారా?"

"వ్యవస్థ ప్రతిసారీ సమ్మతి అడుగుతోంది కదా. ఏం హైమావతి గారూ?"

"అడుగుతోంది" అంది హైమావతి. "మూడు సెకన్లు."

"మరింకేం? ఆమె ఎన్నడూ నిరాకరించలేదు."

దీనమ్మకి కళ్లముందు ఎర్రబడింది. ఇక్కడ ఏడిస్తే పని జరగదు. అరిస్తే బయటికి పంపుతారు. ఇరవై ఆరేళ్లుగా ఈ పెద్దమనుషులకి టీలు అందించిన మనిషి, వాళ్ల పద్ధతి వాళ్లకన్నా బాగా తెలిసిన మనిషి, తలుపు దగ్గర్నుంచి నడిచి బల్ల దగ్గరికి వచ్చింది.

"నేనొక తీర్మానం పెడతన్నా సార్."

రంగనాయకులు ముఖం చిట్లించాడు. "నువ్వా?"

"సభ్యురాలినేగా. గింజ పెట్టుకున్న మనిషిని ఉంటావా, తీసేయమంటావా అని అడగాల. అడిగినాక ఆ మనిషి నోరు తెరిచి చెప్పిందాకా కొత్త ప్రశ్న ఒక్కటి కూడా పంపగూడదు. ఎంతసేపైనా సరే, ఆగాల. ఇదే తీర్మానం." బల్ల చుట్టూ ఉన్న పద్దెనిమిది ముఖాలనీ వరసగా చూసింది. "అభ్యంతరాలు?"

ఎవరికి వాళ్లు పక్కవాడు మాట్లాడతాడనుకున్నారు. కొందరికి నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు. కొందరు ప్లాస్టిక్ కుర్చీలోని కెజియాని ఆ పొద్దుటనుంచీ మొదటిసారి చూస్తున్నారు. మస్తాన్ వలీ చేతిలో ఉన్న స్టీలు గ్లాసుతో కుర్చీచేతిని కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

"ఆమోదం" అంది దీనమ్మ.

"ఇదేమిటి! ఇది చెల్లదు!" రంగనాయకులు లేచాడు. "మౌనంగా ఉన్నంత మాత్రాన..."

అంటూనే ఆగిపోయాడు. అన్నమాట ఆయనకే వినబడింది.

"అనండి సార్. మౌనంగా ఉన్నంత మాత్రాన ఏంది? ఒప్పుకున్నట్టు గాదా? అయితే తొమ్మిదో అంశం గూడా చెల్లదు. అదీ ఇట్టాగే పాసయ్యింది. మీరు కలం కొట్టారు, నేను నోరు మూసుకున్నా. అది చెల్లితే ఇది చెల్లుద్ది. ఇది చెల్లకపోతే అదీ చెల్లదు, ఇప్పుడే ఆపండి. ఏదో ఒకటి తేల్చండి. టీ నేనే తెస్తా, తొందరేం లేదు."

మినిట్సు రాసే స్టెనో కలం ఆపి రిజిస్ట్రారు వైపు చూశాడు. రిజిస్ట్రారు ఎవరి వైపు చూడాలో తెలియక ఫైలు వైపు చూశాడు. హైమావతి అప్పటికే లాప్‌టాప్ తెరిచింది.

"కౌన్సిలు ఆమోదం అయింది కదండీ" అని, ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా కొట్టసాగింది. అంకెల గడి తీసేసింది. కొత్త ప్రశ్నలు రాకుండా దారి మూసింది. దీనమ్మతో మెల్లగా చెప్పింది: "ఇప్పటికే లోపలికి వెళ్లినవి నాలుగు వేల పైన ఉన్నాయమ్మా. అవి అయ్యేదాకా ఆవిడకి మనం వినపడం. మధ్యలో తెంచితే ప్రమాదం. అన్నీ అయ్యాక కూడా వెంటనే వస్తుందో లేదో నాకు తెలియదు. అబద్ధం చెప్పలేను."

దీనమ్మ కూతురి ఎదుట నేలమీద మోకాళ్ల మీద కూర్చుంది.

"కెజియా. ఇది ఉండాలా, తీసెయ్యాలా? నువ్వు చెప్పు. మేం ఆగుతాం."

ఆగారు. పదిన్నర అయింది. గోడమీది చిత్రాన్ని ఎవరో ఆపేశారు. హిస్టరీ ప్రొఫెసరు గొంతు సవరించుకుని, "ఈలోపు మూడో అంశం..." అనబోతే, దీనమ్మ తల తిప్పి చూసింది. అంతే, ఆయన నీళ్లు తాగాడు. రంగనాయకులు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు, మూడోసారి చెయ్యి బల్ల కిందికి దించేశాడు. లాప్‌టాప్ మీద ఎర్రచుక్కలు ఒక్కటొక్కటే పచ్చబడుతున్నాయి. రోజూ తమ ఇంట్లో నడిచే మౌనం ఎంత పొడుగుంటుందో ఆ పెద్దమనుషులకి కుర్చీల్లో కూర్చోబెట్టి చూపించినట్టయింది.

పదకొండు దాటింది. చుక్కలు అయిపోయాయి. కెజియా కదల్లేదు.

దీనమ్మకి అన్ని భయాలూ ఒక్కసారే వచ్చి మీదపడ్డాయి. మాట పడిపోయిందేమో. లోపల ఏం మిగల్లేదేమో, గీకి గీకి ఖాళీ చేసేశారేమో. ఇంకో భయం వీటికన్నా వెనక నిలబడి ఉంది. ఒకవేళ ఉండాలి అంటే? పాఠం చెప్పడమంటే ప్రాణం దానికి. పదకొండు వేలమంది ఎదురుచూస్తున్నారమ్మా, ఉండనీ అంటే? అప్పుడు తనేం చేయాలి? ఆ మాట కోసమే ఇంతమందిని నిలబెట్టి, ఆ మాట తనకి నచ్చలేదని కాదనగలదా? ఆ కోపం ఎవరిమీద చూపించాలి?

కాదనలేదు. అది దానిష్టం. పళ్లు బిగపట్టి అలాగే కూర్చుంది.

"దీనక్కా, కాస్త మంచినీళ్లు..." అన్నాడు మస్తాన్ వలీ.

"ఉండు."

ఎవరి ఫోనో మోగబోయి ఆగింది. కిటికీ అవతల లారీ ఒకటి గేరు మార్చుకుంటూ వెళ్లింది. కెజియా రెప్పలు అదరడం మానేసి చాలాసేపయింది. చూపు ఎక్కడో దూరాన ఉంది, అక్కడినుంచి కాలినడకన వస్తున్నట్టు కొంచెం కొంచెంగా దగ్గరవుతోంది. గోడ దాకా వచ్చింది. బల్ల దాకా వచ్చింది. రంగనాయకులు మీద ఒకసారి, హైమావతి మీద ఒకసారి నిలిచింది. నేలమీద కూర్చున్న తల్లి దగ్గర ఆగింది.

పెదాలు కదిలాయి. మొదట శబ్దం రాలేదు. ఆమె నాలుకతో పెదాలు తడుపుకుంది. హాల్లో ఇరవై మంది ఆమెనే చూస్తున్నారు. ఎవరూ లెక్కపెట్టలేదు.

"వద్దు" అంది కెజియా.